ఫెంటనిల్‌కు అలవాటుపడిన మనిషిని వార్డులో చేర్పించడం, తిరిగి ఇంటికి తెచ్చుకోవడం

మీ ఇంట్లో ఒకరు ఫెంటనిల్‌కో, అదే జాతికి చెందిన ట్రమడాల్, టపెంటడాల్, పెంటజోసిన్ వంటి నొప్పి మందులకో లోబడిపోయారా? ఆసుపత్రిలో చేర్పించాలా, ఇంట్లోనే మాన్పించవచ్చా అని తేల్చుకోలేకపోతున్నారా? మీ కోసమే ఇది రాస్తున్నాను. నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా తమ్ముడు చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. ఆపరేషన్ అయ్యాక, ఇంజక్షన్ మందుండే చిన్న గాజు సీసా, అంటే ఆంప్యూల్‌లో మిగిలిన ఫెంటనిల్‌ను పారబోయకుండా తనే ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. పోనుపోను అది లేకపోతే పూట గడవని స్థితికి వచ్చాడు.

ఒక్క మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. వార్డులో చేర్చడంతో చికిత్స మొదలవుతుంది, అంతే. ఒంట్లోంచి మందు దిగిపోవడం అందులో చిన్న భాగం. ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉండేది డిశ్చార్జి అయి ఇంటికి వచ్చిన తర్వాతి కొన్ని వారాల్లో. కాబట్టి మనిషి వార్డులో ఉన్న రోజులను ఇల్లు సిద్ధం చేసుకోవడానికి వాడుకోవాలి.

ఫెంటనిల్ అంటే మనవాళ్లకు అమెరికా వార్తలే గుర్తొస్తాయి. అక్కడ వీధుల్లో పొడిగా, నకిలీ మాత్రల్లో కలిసి దొరుకుతుంది. మన దగ్గర అది ప్రధానంగా ఆపరేషన్ థియేటర్లో, కాన్సర్ రోగుల ఒంటికి అంటించే ప్యాచ్‌ల రూపంలో ఉంటుంది. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేసిన ఈ మందు మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. నొప్పితో అల్లాడే రోగికి ఇది వరమే, నేను దాన్ని తిట్టను. అయితే సూది ద్వారా తీసుకుంటే నిమిషాల్లో పనిచేసి గంటలోపే దిగిపోతుంది. అందుకే అలవాటైన మనిషి రోజులో పదేపదే వెతుక్కుంటాడు. మా జిల్లాలో, పక్కన ప్రకాశంలో నేను ఎక్కువగా విన్నది నొప్పి మాత్రల సంగతి. నడుము నొప్పికనో, రాత్రి లారీ నడపడానికనో మొదలుపెట్టి ఆపలేకపోయిన వాళ్లు. మందు ఏదైనా ఈ జాతి అంతటికీ చికిత్స దారి ఒకటే. ఫెంటనిల్‌తో మాత్రం రెండు మూడు చోట్ల అదనంగా జాగ్రత్తపడాలి, ఆ చోట్ల విడిగా చెబుతాను.

చేర్చేలోపే ప్రాణం మీదికి వస్తే

కంటిపాప సూదిమొనలా చిన్నదై, శ్వాస బాగా నెమ్మదించి, పెదాలు, గోళ్లు నీలంగా మారి, పిలిచినా గిల్లినా పలక్కపోతే అది మోతాదు మించిన లక్షణం. గొంతులో గురక లాంటి శబ్దం వస్తుంటే నిద్రపోతున్నాడని వదిలేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ మందు తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస ఆగితే, తల కాస్త వెనక్కి వంచి ముక్కు మూసి, ఐదారు సెకన్లకు ఒకసారి నోటితో గాలి ఊదండి. నీళ్లు తాగించవద్దు, మజ్జిగ పోయవద్దు. విరుగుడు మందు పేరు నలోక్సోన్, మన దగ్గర ఆసుపత్రుల్లో ఇంజక్షన్‌గా ఉంటుంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, లోపలి మత్తుమందు అప్పటికీ మిగిలి ఉండవచ్చు. కనుక కళ్లు తెరిచి "నాకేం కాలేదు, ఇంటికి పోదాం" అన్నా తీసుకురాకండి, ఆసుపత్రిలోనే ఉంచండి.

మీ పిల్లలు అమెరికాలో ఉండి ఈ బాధలో ఉంటే, అక్కడ నలోక్సోన్ ముక్కు స్ప్రేను చీటీ లేకుండా కొనుక్కునేందుకు 2023లో అనుమతి వచ్చింది. గదిలో తోడున్న వాళ్లతో మాట్లాడి ఒకటి కొని దగ్గర ఉంచమనండి. మనసు తట్టుకోలేని స్థితిలో ఉంటే అక్కడి సహాయ నంబరు 988కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఎక్కడ చేర్చాలి

ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలన్న ఆలోచన దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మా నాన్న కూడా అదే అన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ మందు మానేసినప్పుడు వచ్చే బాధలు సాధారణంగా ప్రాణం తీయవు. కానీ ఆగని వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు, లవణాలు పడిపోయి ప్రమాదం రావచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం, నిస్పృహతో మనిషి తనను తాను ఏమైనా చేసుకోవడం. అన్నీ ఓర్చుకుని గట్టెక్కినా, మందుల అండ లేకపోతే చాలామంది మళ్లీ అక్కడికే చేరతారు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండూ మెడికల్ కాలేజీలకు అనుబంధమైనవి. మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లి మొదలుపెట్టండి. వెళ్లే ముందు ఎటు వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, అది మాదకద్రవ్యాల వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు. మనసు బాధలకు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ప్రైవేటు కేంద్రమైతే చేర్చే ముందు మీరే వెళ్లి చూసి రండి. నేను వెళ్లిన ఒక చోట కిటికీలకు రేకులు కొట్టి ఉన్నాయి, డాక్టరు ఎప్పుడొస్తారంటే సమాధానం లేదు. అక్కడినుంచి అప్పుడే వెనక్కి వచ్చేశాను.

అడగాల్సినవి ఇవి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? ఆ పత్రం గోడకు ఉండాలి, చూపించమనండి. మానసిక వైద్యుడు రోజూ వస్తారా? రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా? ఈ వ్యసనానికి వాడే ముఖ్యమైన మాత్ర బుప్రెనార్ఫిన్ ఇస్తారా? నలోక్సోన్ చేతికి అందేలా ఉందా? ఇంటివాళ్లు చూడవచ్చా, ఫోన్లో మాట్లాడవచ్చా? డిశ్చార్జి తర్వాత ఎన్నాళ్లకు ఒకసారి రమ్మంటారు? "మేం మందులేవీ ఇవ్వం, క్రమశిక్షణతోనే మాన్పిస్తాం" అన్న చోటు ఈ జబ్బుకు పనికిరాదు. గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. అలాంటిది కంటబడితే మీ మనిషిని అక్కడ ఒక్క పూట కూడా ఉంచవద్దు.

మనిషి ఒప్పుకుని చేరితే అన్నిటికంటే మేలు. మా తమ్ముడు ఒప్పుకున్నది గొడవపడ్డప్పుడు కాదు. ఒక రాత్రి ఒళ్లు నొప్పులతో నిద్రలేక కూర్చుని, "అక్కా, ఇది మానలేను, చచ్చిపోతానేమో" అన్నప్పుడు, అప్పటికే మాట్లాడి ఉంచిన డాక్టరు దగ్గరికి మర్నాడు ఉదయమే తీసుకెళ్లాను. ఇలాంటి గడియ రాకముందే చోటు, డబ్బు, తోడు వచ్చే మనిషి సిద్ధంగా ఉండాలి. వచ్చాక వెతుక్కుంటూ కూర్చుంటే మాట మారిపోతుంది. ఒప్పుకోని మనిషిని ఇంటివాళ్లు కోరినంత మాత్రాన చేర్చుకోరు. నిర్ణయం తీసుకునే శక్తి లేకపోవడం, తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదం ఉండటం వంటి పరిస్థితుల్లో, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున మాట్లాడే మనిషి) దరఖాస్తు మీద ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చేర్చుకునే వీలు ఆ 2017 చట్టం సెక్షన్ 89లో ఉంది. మొదట 30 రోజుల వరకే.

డబ్బు సంగతి కూడా ముందే చూసుకోండి. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో వ్యసన చికిత్సకు మినహాయింపు ఉంటుంది. బీమా ఉందన్న ధీమాతో ఖరీదైన చోట చేర్చి, తర్వాత పొలం కాగితాలు పట్టుకుని తిరిగే అవస్థ మీకు రాకూడదు.

పోలీసు భయం గురించి. చాలా ఇళ్లలో చికిత్స ఆలస్యమయ్యేది ఈ భయంతోనే. మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. మత్తుమందు వాడినందుకో, స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స చేయించుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవారికి ఇది వర్తించదు. పనిచేసే చోటినుంచి మందు తీసుకున్న సంగతి వేరుగా ఉంటుంది కనుక, అలాంటప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

చేర్చే రోజు

సంచిలో వదులైన నూలు బట్టలు ఎక్కువ జతలు పెట్టండి, చెమటలకు రోజుకు నాలుగుసార్లు మార్చాల్సి వస్తుంది. రెండు తువ్వాళ్లు, దుప్పటి, ఆధార్, పాత చీటీలన్నీ, వాడుతున్న బీపీ, షుగర్ మందులు. సంచి కుట్లలో, చెప్పుల్లో, చార్జర్ పెట్టెలో ఏమైనా దాచుకున్నాడేమో చూడటానికి సిబ్బంది తనిఖీ చేస్తారు, దాన్ని అవమానంగా తీసుకోవద్దు. దారిలో వాంతులకు కవర్లు, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు ఉంచుకోండి. బస్సు వద్దు, కారు మాట్లాడుకోండి.

డాక్టరుకు నాలుగు విషయాలు నిజంగా చెప్పాలి: ఏ మందు, ఎంత, ఎలా తీసుకునేవాడు, చివరిసారి ఎప్పుడు. ఇంటివాళ్ల ముందు నోరు విప్పడం లేదనిపిస్తే మీరే బయటికి వెళ్లండి. ఫెంటనిల్ అయితే ఆ పేరు తప్పనిసరిగా చెప్పాలి. ఎందుకంటే మార్ఫిన్ జాతికి చేసే మామూలు మూత్ర పరీక్షలో ఫెంటనిల్ కనబడదు, దానికి వేరే పరీక్ష కావాలి. రిపోర్టు నెగటివ్ వచ్చిందని సంతోషపడి వెనక్కి తీసుకెళ్లిన ఇళ్లు ఉన్నాయి. మద్యం, నిద్రమాత్రలు కూడా కలిపి వాడేవాడా అన్నది ఇంకా ముఖ్యం. వాటిని ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, వాటికి చికిత్స వేరు. సూదులు వాడి ఉంటే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సీకి ఇప్పుడు కొన్ని వారాల మాత్రలతో నయమయ్యే చికిత్స ఉంది.

మొదటి వారం

మందు ఆగాక వచ్చే బాధలు ఇవి: ఆవలింతలు, ముక్కు, కళ్లు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, కాళ్లు కుదురుగా ఉండకపోవడం, కడుపులో మెలితిప్పడం, వాంతులు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం. మామూలుగా ఆఖరి మోతాదు తర్వాత ఎనిమిది పన్నెండు గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకు ఉధృతమై, వారం పది రోజుల్లో తగ్గుతాయి. నిద్రలేమి, దిగులు ఆ తర్వాత కూడా వారాలపాటు ఉండవచ్చు.

బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టడం ఈ దశలోనే. ఇక్కడ ఇంటివాళ్లు తొందరపెట్టకూడదు. ఆ మాత్ర మెదడులోని గ్రాహకాలను (మందు అతుక్కుని పనిచేసే చోట్లను) ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, అక్కడ ఉన్న పాత మందును తోసేస్తుంది. పాత మందు ఇంకా నిండుగా ఉండగా ఇస్తే బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అందుకే నాడి, చెమట, కంటిపాప, ఆవలింతలు లెక్కగట్టి, బాధలు తగినంత మొదలయ్యాకే ఇస్తారు. ఫెంటనిల్ కొవ్వులో కరిగే మందు. చాలాకాలం వాడిన ఒంట్లో అది పేరుకుని రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూ ఉంటుంది. అందువల్ల కొందరికి ఎక్కువసేపు ఆగాలి, కొందరికి అతి చిన్న మోతాదులతో మొదలుపెడతారు. మా తమ్ముడు మంచం మీద మెలికలు తిరుగుతుంటే అమ్మ డాక్టరు కాళ్లు పట్టుకోబోయింది. ఆవిడ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు ఆగుతున్నారో నెమ్మదిగా చెప్పారు. ఆ సాయంత్రం తర్వాత అమ్మ మళ్లీ తొందరపెట్టలేదు. ఇటువంటి డాక్టరు దొరికితే వదులుకోకండి.

ఈలోగా బాధలు తగ్గించడానికి క్లోనిడిన్, వాంతుల మందు, విరేచనాల మందు, నొప్పి మాత్రలు ఇస్తారు. క్లోనిడిన్ బీపీని తగ్గిస్తుంది, మంచం దిగేటప్పుడు మనిషిని పట్టుకోండి. తిండికి పట్టుబట్టవద్దు. పలుచటి గంజిలో ఉప్పు వేసి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, కొంచెం కొంచెంగా. అప్పుడు చేపల పులుసు వాసన కూడా మా వాడికి పడలేదు. ఆకలి వచ్చాక తనే అడిగాడు.

మూడో నాలుగో రోజున "నన్ను తీసుకెళ్లిపోండి" అంటాడు, ఒట్లు వేస్తాడు, తిడతాడు. ఇది దాదాపు అందరికీ వస్తుందని ముందే అనుకోండి. ఎవరు ఏం సమాధానం చెప్పాలో ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి. మా ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం: "డాక్టరు గారిని అడుగుదాం, ఆవిడ చెప్పేదాకా నేను నీ పక్కనే ఉంటాను." తనంతట తాను చేరిన మనిషిని కోరితే పంపించాల్సిందే. పరీక్షించడం కోసం 24 గంటల వరకు ఆపే వీలు మాత్రమే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆ గంటల్లో మీ ఓర్పే పనిచేయాలి.

మాత్ర మానమనే వాళ్లకు ఏం చెప్పాలి

డిశ్చార్జి కాకముందే చుట్టాలు మొదలుపెడతారు. మా పెద్దమ్మ, "ఒక మందు మాన్పించి ఇంకో మందు అలవాటు చేస్తున్నారు, ఇదేం వైద్యం?" అంది. ప్రేమతోనే అంది, కానీ ఈ మాట మనుషుల్ని చంపుతుంది. బుప్రెనార్ఫిన్ గ్రాహకాన్ని పట్టుకుంటుంది గానీ సగమే పనిచేయిస్తుంది. ఒక హద్దు దాటాక మోతాదు పెరిగినా శ్వాసను అంతగా అణచదు. పాత మందుకు చోటు ఇవ్వదు, ఆరాటం తగ్గిస్తుంది. మనిషి పొద్దున లేచి మాత్ర వేసుకుని పనికి పోగలడు. బీపీ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునే మా పెద్దమ్మకు అదే ఉదాహరణగా చెబితే అర్థమైంది. ఎంతకాలం వాడాలన్నది డాక్టరు, ఆ మనిషి కలిసి తేల్చుకోవాల్సిన విషయం. నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. దించేటప్పుడు కూడా మెల్లగా దించాలి.

మాత్రను నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా ఉంచాలి. మింగితే సరిగా పనిచేయదు. మాట్లాడకూడదు, ఉమ్మకూడదు. కరిగాక నీళ్లు నోట్లో తిప్పి మింగి, గంట తర్వాతే పళ్లు తోముకోవాలి, లేకపోతే పళ్లు పాడవుతాయి. మలబద్ధకం వస్తుంది, నీళ్లు, ఆకుకూరలు పెంచండి. మాత్రలు మీ బీరువాలో, పిల్లలకు అందకుండా ఉంచండి. కొందరికి ఈ జాతి మందుల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ ఇస్తారు. దానికి వారం పది రోజులు ఒంట్లో ఈ జాతి మందు ఏదీ ఉండకూడదు. అది ఆపేశాక మళ్లీ పాత మందు వాడితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇల్లు సిద్ధం చేయడం

తను వార్డులో ఉండగానే గది అంతా వెతికి ఆంప్యూళ్లు, సూదులు, మాత్రలు తీసేయండి. సూదులు చెత్తలో పారేయకుండా గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇవ్వండి. మీ ఊరి ఆర్‌ఎంపీని, వీధిలోని మందుల షాపు అతన్ని స్వయంగా కలవండి. జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా నొప్పి ఇంజక్షన్, నిద్రమాత్ర ఇవ్వవద్దని చెప్పండి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుందని నాకు తెలుసు. మా ఊరి ఆర్‌ఎంపీ మాత్రం ఆ రోజు నుంచి మా వాడికి జ్వరమొచ్చినా నాకు ఫోన్ చేయకుండా సూది పట్టలేదు. బుప్రెనార్ఫిన్‌తో మద్యం, నిద్రమాత్రలు కలిస్తే శ్వాస ఆగవచ్చు. వాడుతున్న మందు పేరు రాసిన కార్డు జేబులో ఉండాలి. ప్రమాదమో, ఆపరేషనో జరిగితే నొప్పికి ఏమివ్వాలో డాక్టర్లు దాన్నిబట్టి నిర్ణయిస్తారు.

పని సంగతి. ఆపరేషన్ థియేటర్‌కు తిరిగి పంపకండి, జీతం ఎంత ఇచ్చినా సరే. రోజూ ఆ ఆంప్యూల్ చేతిలోకి వచ్చే చోట మనసును పరీక్షించుకోనక్కర్లేదు. మా తమ్ముడు ఇప్పుడు అల్లూరు వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాడు. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా కొలిచి రైతులకు చెబుతాడు. చేతికి వచ్చిన విద్య వృథా పోలేదు, రైతులు పేరు పెట్టి పిలుస్తారు. వచ్చే జీతాన్ని మొదట్లో మరదలి ఖాతాలోకే వేయించుకుంటానని తనే అడిగాడు. అలా తను అడిగితేనే చేయండి, బలవంతం చేస్తే అది శిక్షగా మారుతుంది.

మొక్కులున్న ఇళ్లలో మొక్కులు తీర్చుకోండి. అమ్మ నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టుకుంది. పొద్దున మాత్ర వేసుకున్నాకే తమ్ముడు ఆమె వెంట నీళ్లలోకి దిగాడు. డాక్టరు గారికి చెబితే, మాత్ర ఆగనంతవరకు ఎక్కడికైనా వెళ్లి రండి అన్నారు.

మళ్లీ వాడితే

వాడవచ్చు. చాలామందికి జరుగుతుంది. అప్పుడు మొదట గుర్తుంచుకోవాల్సింది, కొన్ని వారాలు మానేసిన ఒంటికి పాత ఓర్పు ఉండదు. ఒకప్పుడు రోజూ తట్టుకున్న మోతాదే ఇప్పుడు శ్వాస ఆపేస్తుంది. ఈ విషయం డిశ్చార్జి రోజున అతనికి, ఇంట్లో అందరికీ డాక్టరు చేత చెప్పించండి. మొదటి నెలల్లో స్నానాల గది గడియ లోపలినుంచి బిగించకుండా ఒప్పందం చేసుకోండి, ఒంటరిగా పడుకోనివ్వకండి.

తెలిసిన వెంటనే అరవకండి, ఇంట్లోంచి పంపేయకండి. ఎప్పుడు, ఎంత అని అడిగి, పక్కన కూర్చుని శ్వాస చూస్తూ ఉండండి, తేడా కనిపిస్తే 108. బుప్రెనార్ఫిన్ తర్వాతి మోతాదు మీ అంతట మీరు వేయకండి, ఆపకండి. అదే రోజు వార్డుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి, వాళ్లు రమ్మన్న గంటకు తీసుకెళ్లండి. చేర్చిన నాటి చీటీలు, డిశ్చార్జి కాగితం ఒకే కవర్లో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంచితే, ఆ రోజు ఇంట్లో ఎవరున్నా వెంటనే బయల్దేరగలరు.